లింకిన్ పార్క్ 'ఫ్రమ్ జీరో': చెస్టర్ లేని బ్యాండ్‌ను శ్రోతలు ఒప్పుకున్నారా? ఇంకా ఎందుకింత చర్చ?

లింకిన్ పార్క్.. ఈ పేరు వినగానే ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్ల వయసున్న చాలామందికి కాలేజీ రోజులు గుర్తొస్తాయి. 'ఇన్ ది ఎండ్', 'నంబ్' పాటలు ఎంపీ3 సీడీల్లో, పెన్‌డ్రైవ్‌లలో ఒక హాస్టల్ రూమ్ నుంచి ఇంకో రూమ్‌కి తిరిగిన రోజులవి. ఇంగ్లిష్ పాటలంటే పెద్దగా ఆసక్తి లేనివాళ్లకు కూడా 'ట్రాన్స్‌ఫార్మర్స్' సినిమా పుణ్యమా అని 'వాట్ ఐవ్ డన్' పరిచయమైంది.

ఆ బ్యాండ్ 2026 జనవరిలో తొలిసారి మన దేశానికి వచ్చింది. జనవరి 23న బెంగళూరులో, 25న ముంబైలోని లొల్లపలూజా ఫెస్టివల్‌లో షోలు జరిగాయి. హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి బెంగళూరులో దిగొచ్చు. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్ల సంగతైతే చెప్పక్కర్లేదు. అంటే ఇది మనకి మరీ దూరపు వార్తేం కాదు.

అయితే బ్యాండ్ వచ్చింది కానీ, ఆ పాటల్ని పాడిన గొంతు రాలేదు. చెస్టర్ బెన్నింగ్టన్ 2017లోనే చనిపోయారు. ఆయన స్థానంలో ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడుతున్నారు. ఆమెతో కలిసి బ్యాండ్ చేసిన తొలి ఆల్బమ్ 'ఫ్రమ్ జీరో' వచ్చి ఏడాది దాటింది. అయినా శ్రోతల మధ్య వాదన ఆగలేదు. కొందరు 'మా బ్యాండ్ తిరిగొచ్చింది' అంటున్నారు. ఇంకొందరు 'ఇది లింకిన్ పార్కే కాదు' అంటున్నారు. ఇంతకీ ఎవరి మాటలో ఎంత నిజముంది? ఒక్కో వాదనా చూద్దాం.

అసలేం జరిగిందంటే..

1996లో కాలిఫోర్నియాలోని అగోరా హిల్స్‌లో మొదలైంది ఈ బ్యాండ్. అప్పట్లో పేరు 'జీరో'. మైక్ షినోడా, బ్రాడ్ డెల్సన్, రాబ్ బౌర్డన్ లాంటి స్నేహితులు కలిసి పెట్టుకున్నారు. చెస్టర్ 1999లో వచ్చి చేరారు. అంటే చెస్టర్ రాకముందు కూడా బ్యాండ్ ఉంది, దానికి ఇంకో గాయకుడూ ఉన్నారు. కాకపోతే ప్రపంచానికి తెలిసింది మాత్రం చెస్టర్ వచ్చాకే.

2000 అక్టోబర్‌లో తొలి ఆల్బమ్ 'హైబ్రిడ్ థియరీ' విడుదలైంది. రాక్, ర్యాప్, ఎలక్ట్రానిక్ మ్యూజిక్ కలిపిన ఆ సౌండ్ అప్పటి కుర్రకారుని ఊపేసింది. ఒక్క అమెరికాలోనే దానికి 12 రెట్ల ప్లాటినం సర్టిఫికెట్ వచ్చింది. 2003లో వచ్చిన 'మెటియోరా' కూడా అంతే పెద్ద హిట్. షినోడా ర్యాప్, దాని మీదుగా దూసుకొచ్చే చెస్టర్ కేక.. ఇదీ లింకిన్ పార్క్ అంటే.

2017 మే నెలలో ఏడో ఆల్బమ్ 'వన్ మోర్ లైట్' వచ్చింది. సరిగ్గా రెండు నెలలకు, జులై 20న చెస్టర్ ఆత్మహత్య చేసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 41 ఏళ్లు. అదే ఏడాది అక్టోబర్‌లో లాస్ ఏంజెలెస్‌లోని హాలీవుడ్ బౌల్‌లో నివాళి కచేరీ జరిగింది. ఆ తర్వాత బ్యాండ్ మౌనంలోకి వెళ్లిపోయింది.

ఏడేళ్ల తర్వాత, 2024 సెప్టెంబర్ 5న ఓ లైవ్ స్ట్రీమ్‌తో అందరినీ ఆశ్చర్యపరిచారు. 'డెడ్ సారా' అనే రాక్ బ్యాండ్ గాయని ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్, డ్రమ్మర్ కాలిన్ బ్రిటన్ కొత్త సభ్యులని ప్రకటించారు. పాత డ్రమ్మర్ రాబ్ బౌర్డన్ తిరిగి రాలేదు. గిటారిస్ట్ బ్రాడ్ డెల్సన్ స్టూడియోలో పనిచేస్తున్నా టూర్లకు రావట్లేదు. స్టేజీ మీద ఆయన స్థానంలో అలెక్స్ ఫెడర్ వాయిస్తున్నారు. షినోడా, డీజే జో హాన్, బేసిస్ట్ డేవ్ ఫారెల్ మాత్రం పాతవాళ్లే. అదే ఏడాది నవంబర్ 15న 'ఫ్రమ్ జీరో' విడుదలైంది.

ఆల్బమ్‌లో ఏముంది?

మొత్తం 11 ట్రాకులు. నిడివి సుమారు 32 నిమిషాలు. పేరులోనే రెండు అర్థాలు పెట్టారు. బ్యాండ్ తొలి పేరు 'జీరో' ఒకటి. మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతున్నాం అనేది రెండోది.

ముందుగా వచ్చిన 'ది ఎంప్టినెస్ మెషీన్'లో ఓ చిన్న తెలివి ఉంది. పాట మొదట షినోడా గొంతుతో మొదలవుతుంది. శ్రోతకి అలవాటైన గొంతది. కాసేపయ్యాకే ఎమిలీ వస్తారు. కొత్త కోడల్ని ఇంటి పెద్ద పక్కన నిలబడి నలుగురికీ పరిచయం చేసినట్టుంటుంది.

'హెవీ ఈజ్ ది క్రౌన్' వీడియో గేమ్ 'లీగ్ ఆఫ్ లెజెండ్స్' 2024 ప్రపంచ ఛాంపియన్‌షిప్ కోసం చేసిన పాట. ఇందులో ఎమిలీ ఊపిరి తీసుకోకుండా పెట్టిన సుదీర్ఘమైన కేక గురించే అప్పట్లో అందరూ మాట్లాడుకున్నారు. 'టూ ఫేస్డ్' వింటే జో హాన్ స్క్రాచింగ్‌తో సహా నేరుగా 2000వ సంవత్సరంలోకి వెళ్లిపోతాం. 'క్యాజువల్టీ' పంక్ దూకుడుతో సాగితే, 'ఓవర్‌ఫ్లో' నెమ్మదిగా నడుస్తుంది. 'ఓవర్ ఈచ్ అదర్' ఎమిలీ గొంతు మీదే నడిచే పాట. చివర్లో 'గుడ్ థింగ్స్ గో' కాస్త మనసు బరువెక్కించే ముగింపు.

2025 మే నెలలో మరో మూడు పాటలు కలిపి డీలక్స్ ఎడిషన్ కూడా వచ్చింది. వాటిలో 'అప్ ఫ్రమ్ ది బాటమ్' బాగా జనాల్లోకి వెళ్లింది.

'బాగుంది' అనేవాళ్ల మాట

వీళ్ల మొదటి పాయింట్.. ఎమిలీ చెస్టర్‌ని అనుకరించట్లేదు. ఆమె గొంతులో గరుకుదనం ఉంది, కేకలో బలం ఉంది. కానీ అది ఆమె సొంతం. చెస్టర్ లాగే పాడే మగ గాయకుణ్ని తెచ్చి ఉంటే ప్రతి పాటకీ పోలిక వచ్చేది. 'ఇక్కడ చెస్టర్ అయితే ఇలా అనేవాడు కాదు' అనే మాట ఆగేదే కాదు. ఆడ గొంతు రావడంతో ఆ పోలిక పూర్తిగా పోలేదు కానీ, కొంత సడలింది.

రెండో పాయింట్.. ఇది మళ్లీ రాక్ ఆల్బమ్. 'వన్ మోర్ లైట్' పాప్ వైపు వెళ్లిపోయిందని బాధపడినవాళ్లకు ఇక్కడ గిటార్లు, డ్రమ్స్, కేకలు అన్నీ తిరిగి దొరికాయి.

మూడోది సంగీతం గురించి కాదు, మనుషుల గురించి. చెస్టర్ పోయినప్పుడు షినోడాకి పోయింది సహోద్యోగి కాదు, దాదాపు ఇరవై ఏళ్ల స్నేహితుడు. ఆ దుఃఖంలోంచే షినోడా 2018లో 'పోస్ట్ ట్రామాటిక్' పేరుతో సోలో ఆల్బమ్ చేశారు. ఆ మనిషి మళ్లీ స్టేజీ ఎక్కి నవ్వుతుంటే వద్దనడానికి మనమెవరం అన్నది ఈ వర్గం ప్రశ్న. ఇది తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు.

'పేరు మార్చుకోవాల్సింది' అనేవాళ్ల మాట

అవతలి వర్గం వాదన కూడా సూటిగానే ఉంది. కొత్త గాయనితో పాడుకోండి, ఎవరూ కాదనరు. కానీ కొత్త పేరు పెట్టుకోండి. లింకిన్ పార్క్ అనే పేరు చెస్టర్‌తోనే ఆగిపోవాల్సింది అంటారు వీళ్లు.

ఇందులో వ్యాపారం కోణం కూడా ఉంది. కొత్త పేరుతో వస్తే స్టేడియాలు నిండవు. పాత పేరుతో వస్తేనే నిండుతాయి. మరి ఆ పేరుకి అంత విలువ తెచ్చినవాళ్లలో చెస్టర్ ఒకరు కదా, ఆయన లేకుండా ఆ విలువని వాడుకోవడం సబబేనా అని అడుగుతారు.

ఈ వాదనకి చెస్టర్ కుటుంబం నుంచి కూడా బలం దొరికింది. తమకు ముందుగా చెప్పకుండా ఇలా చేయడం నమ్మకద్రోహంగా అనిపించిందని ఆయన తల్లి ఓ అమెరికన్ మ్యాగజైన్‌తో చెప్పారు. చెస్టర్ కొడుకుల్లో ఒకరు కూడా బ్యాండ్ నిర్ణయాన్ని బహిరంగంగా తప్పుపట్టారు. కన్నతల్లి బాధ ముందు ఏ వాదనా నిలబడదు. అయితే కుటుంబం బాధ వేరు, బ్యాండ్ పేరు మీద హక్కు వేరు. ఈ రెండిటినీ కలిపేయడం వల్లే చర్చ తరచుగా దారి తప్పుతోంది.

ఎందుకంటే ఆ పేరు కింద పాటలు రాసింది, స్వరాలు కట్టింది ఒక్క చెస్టరే కాదు. షినోడా మొదటి రోజు నుంచీ ఉన్నారు. సగం పాటల్లో వినిపించే ర్యాప్ ఆయనదే. ఆల్బమ్‌ల నిర్మాణంలోనూ ఆయన పాత్ర పెద్దది. పేరు చెస్టర్‌దే అంటే, మిగతా వాళ్ల పాతికేళ్ల కష్టం ఎటు పోయినట్టు?

ఎమిలీ చుట్టూ వివాదం ఏంటి?

ఆల్బమ్ నచ్చనివాళ్లలో ఓ వర్గానికి అసలు సమస్య సంగీతం కాదు. 2020లో, లైంగిక దాడి కేసులో నిందితుడిగా ఉన్న అమెరికన్ నటుడు డానీ మాస్టర్‌సన్ విచారణ సమయంలో ఎమిలీ ఆయనకు మద్దతుగా ఓసారి కోర్టుకు వెళ్లారు. 2023లో ఆ నటుడు దోషిగా తేలారు. 30 ఏళ్ల నుంచి జీవితకాలం వరకు జైలు శిక్ష పడింది.

ఎమిలీ పేరు ప్రకటించగానే ఈ విషయం మళ్లీ పైకొచ్చింది. ఆమె వెంటనే స్పందించారు. స్నేహితుడనుకున్న వ్యక్తి కోసం వెళ్లానని, అలా వెళ్లకుండా ఉండాల్సిందని, ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదని, మహిళలపై హింసను సమర్థించనని ఓ ప్రకటనలో చెప్పారు. ఆ ప్రకటనలో నటుడి పేరు మాత్రం లేదు.

కొంతమందికి ఆ వివరణ సరిపోయింది. ఇంకొంతమందికి సరిపోలేదు. ఎందుకు సరిపోలేదో కూడా అర్థం చేసుకోవాలి. చెస్టర్ చిన్నప్పుడు తనపై జరిగిన లైంగిక వేధింపుల గురించి ఇంటర్వ్యూల్లో బయటికి చెప్పుకున్న మనిషి. ఆయన పాటల్లోని నొప్పికి అదో మూలం. అలాంటి గాయాలున్న శ్రోతలు ఎంతోమంది ఆ గొంతులో తమని తాము చూసుకున్నారు. వాళ్లకి ఈ విషయం మామూలు సెలబ్రిటీ గాసిప్ కాదు. అదే సమయంలో, కోర్టుకు వెళ్లిన ఒక్క రోజుని పట్టుకుని ఒక మనిషిని జీవితాంతం దోషిగా చూడాలా అన్న ప్రశ్న కూడా ఉంది. దీనికి అందరికీ నచ్చే జవాబు లేదు. కాకపోతే ఈ కారణంతో ఆల్బమ్ వినననే వాళ్లని 'ఆడ గొంతు నచ్చక ఏదో సాకు చెబుతున్నారు' అని కొట్టిపారేయడం మాత్రం అన్యాయం.

'పాతదే మళ్లీ వండారు' అనే విమర్శ

ఇది సంగీతం మీద వచ్చిన విమర్శ. నిజానికి అన్నిటికన్నా దీని గురించే తక్కువ చర్చ జరిగింది.

'ఫ్రమ్ జీరో'లో కొత్తగా ఏం చేశారు? కష్టంగా ఉన్నా ఒప్పుకోవాలి.. పెద్దగా ఏం చేయలేదు. ఈ పాట 'హైబ్రిడ్ థియరీ'లోది అనిపిస్తుంది, ఆ పాట 'మెటియోరా'లోది అనిపిస్తుంది, ఇంకోటి 'లివింగ్ థింగ్స్' రోజుల్ని గుర్తుచేస్తుంది. ఒక రకంగా బ్యాండ్ తన చరిత్రనంతా 32 నిమిషాల్లో చుట్టి చూపించింది. పైగా నిడివి తక్కువ. ఏడేళ్లు ఎదురుచూస్తే అరగంట ఆల్బమేనా అనుకున్నవాళ్లు ఉన్నారు.

లింకిన్ పార్క్ మీద ఈ విమర్శకి ప్రత్యేకమైన బరువుంది. ఎందుకంటే ఈ బ్యాండ్‌కి భద్రంగా ఆడే అలవాటు లేదు. రెండు సూపర్ హిట్ ఆల్బమ్‌ల తర్వాత అదే ఫార్ములా పట్టుకుని కూర్చోవచ్చు. కానీ 2007లో 'మినిట్స్ టు మిడ్‌నైట్'తో సౌండ్ మార్చేశారు. 2010లో 'ఎ థౌజండ్ సన్స్'తో అభిమానుల్లో సగం మందికి అర్థం కానంత దూరం వెళ్లారు. 2014లో 'ది హంటింగ్ పార్టీ'తో మళ్లీ హెవీగా మారారు. 2017లో పాప్ చేశారు. ప్రతిసారీ తిట్లు తిన్నారు, ప్రతిసారీ మారారు. అలాంటి బ్యాండ్ ఈసారి మాత్రం అందరికీ తెలిసిన దారిలోనే నడిచింది.

మరి అది తప్పా? తప్పు అనలేం. కొత్త గాయని, కొత్త డ్రమ్మర్, పైగా కత్తులు నూరుతున్న శ్రోతలు. అలాంటప్పుడు ముందు 'మేము ఇంకా ఆ బ్యాండే' అని చూపించుకోవాలి. తర్వాతే ప్రయోగాలు. ఆ లెక్కన ఇది పరిచయ పత్రం లాంటి ఆల్బమ్. అసలు పరీక్ష దీని తర్వాత వచ్చే ఆల్బమ్‌కే.

అంకెలు ఏం చెబుతున్నాయి?

బ్రిటన్‌లో 'ఫ్రమ్ జీరో' మొదటి వారమే నంబర్ 1 అయింది. అమెరికా బిల్‌బోర్డ్ 200లో నంబర్ 2 దగ్గర మొదలైంది. అక్కడ తొలి వారం లెక్క లక్ష యూనిట్లకు కాస్త తక్కువ. 2003లో 'మెటియోరా' తొలి వారం 8 లక్షల కాపీలు దాటింది. దీన్ని చూపించి 'పడిపోయారు' అనేవాళ్లున్నారు. కానీ అది సీడీలు కొనే కాలం, ఇది ఫోన్లో వినే కాలం. ఆ పోలిక చెల్లదు. 2017లో చెస్టర్ ఉండగానే వచ్చిన 'వన్ మోర్ లైట్' తొలి వారం లెక్క లక్షా పది వేలకు కాస్త పైన. ఆ పోలికే న్యాయమైంది. దాని ప్రకారం బ్యాండ్ ఎక్కడ ఆపిందో ఇంచుమించు అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టింది.

గ్రామీ అవార్డుల్లో ఉత్తమ రాక్ ఆల్బమ్ విభాగంలో 'ఫ్రమ్ జీరో'కి, ఉత్తమ రాక్ పెర్ఫార్మెన్స్ విభాగంలో 'ది ఎంప్టినెస్ మెషీన్'కి నామినేషన్లు దక్కాయి. 2026 ఫిబ్రవరి 1న ఫలితాలు వెలువడ్డాయి. 2025 మే 31న మ్యూనిక్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్ ముందు పాడింది కూడా వీళ్లే.

అయితే ఇక్కడ ఒక్క జాగ్రత్త. జనం వచ్చారంటే వాదన గెలిచినట్టు కాదు. 'నంబ్', 'ఇన్ ది ఎండ్' వినడానికి వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. యూట్యూబ్‌లో ఆ రెండు పాటలూ ఎప్పుడో వంద కోట్ల వ్యూస్ దాటేశాయి. స్టేడియం నిండటం పాత పాటల ఘనతా, కొత్త ఆల్బమ్ ఘనతా అనేది టికెట్ల లెక్క చెప్పదు.

మిగతా బ్యాండ్లు ఏం చేశాయి?

గాయకుడు పోతే బ్యాండ్ ఏం చేయాలి? రాక్ చరిత్రలో దీనికి మూడు దారులు కనిపిస్తాయి.

మొదటిది ఆగిపోవడం. 1994లో కర్ట్ కొబేన్ మరణంతో 'నిర్వాణ' ముగిసింది. డ్రమ్మర్ డేవ్ గ్రోల్ 'ఫూ ఫైటర్స్' పేరుతో కొత్తగా మొదలుపెట్టారు. 'లెడ్ జెప్పెలిన్' అయితే 1980లో డ్రమ్మర్ జాన్ బోనమ్ చనిపోతేనే బ్యాండ్‌ని మూసేసింది.

రెండోది వెంటనే ముందుకెళ్లడం. 1980 ఫిబ్రవరిలో 'ఏసీ/డీసీ' గాయకుడు బాన్ స్కాట్ చనిపోయారు. అదే ఏడాది జులైలో బ్రయాన్ జాన్సన్‌తో 'బ్యాక్ ఇన్ బ్లాక్' విడుదలైంది. ప్రపంచంలోనే అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌లలో అదొకటి.

మూడోది ఆగి, ఊపిరి పీల్చుకుని, కొత్తవాళ్లతో రావడం. 'ఆలిస్ ఇన్ చెయిన్స్' గాయకుడు లేన్ స్టేలీ 2002లో మరణించారు. విలియం డువాల్‌తో ఆ బ్యాండ్ కొత్త ఆల్బమ్ వచ్చింది 2009లో. అక్కడా ఏడేళ్లే. మొదట్లో అనుమానాలు వచ్చాయి, తర్వాత జనం అలవాటు పడ్డారు. లింకిన్ పార్క్ నడుస్తున్నది ఈ మూడో దారిలోనే.

అంటే చరిత్రలో 'ఇదొక్కటే సరైన పద్ధతి' అనేది లేదు. ఏ దారికైనా ఉదాహరణ దొరుకుతుంది. కాబట్టి 'వేరే బ్యాండ్లు చేశాయి కదా' అనే మాటా, 'వేరే బ్యాండ్లు ఆపేశాయి కదా' అనే మాటా.. రెండూ వాదనని తేల్చవు.

ఘంటసాల తర్వాత మన దగ్గర?

తెలుగువాళ్లకు ఈ బాధ కొత్త కాదు. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల కన్నుమూసినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్‌లకు ఇక ఎవరు పాడతారన్నది ఇంటింటా చర్చే. వి.రామకృష్ణ పాడారు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పాడారు. మొదట్లో ప్రతి పాటనీ ఘంటసాలతో పోల్చి చూశారు. పెద్దతరంలో కొందరైతే చివరిదాకా ఒప్పుకోలేదు. కానీ బాలు కాలక్రమేణా తనకంటూ ఓ యుగాన్నే సృష్టించారు. 2020 సెప్టెంబర్‌లో ఆయన పోయినప్పుడు, ఒకప్పుడు ఘంటసాల కోసం ఏడ్చిన తెలుగునేలే ఆయన కోసమూ ఏడ్చింది.

అయితే ఈ పోలిక సగమే నప్పుతుంది. సినిమా పాటలో గొంతు తెర వెనక ఉంటుంది. పాట హీరోది అవుతుంది. సినిమా ఆగదు కాబట్టి ఇంకో గొంతు రాక తప్పదు. రాక్ బ్యాండ్ అలా కాదు. అక్కడ పాడేవాడే తెర మీద మనిషి. పాట రాసేదీ, బాధపడేదీ, చెమటోడ్చేదీ ఆయనే. అందుకే చెస్టర్ పాటని ఇంకొకరు పాడితే అభిమానికి అతని డైరీని ఇంకెవరో పైకి చదువుతున్నట్టు అనిపిస్తుంది. ఎమిలీ కొత్త పాటల్ని ఒప్పుకునే చాలామంది కూడా ఆమె గొంతులో 'క్రాలింగ్', 'బ్రేకింగ్ ది హ్యాబిట్' లాంటివి వినలేకపోవడానికి కారణం ఇదే.

ఏఐ గొంతు కన్నా ఇది నయం కాదా?

ఈ చర్చలో ఇంకో ముఖ్యమైన అంశం ఉంది. ఇవాళ టెక్నాలజీతో ఎవరి గొంతునైనా మళ్లీ పుట్టించొచ్చు. చెస్టర్ గొంతుని ఏఐతో తయారుచేసి, ఆయన ఎప్పుడూ పాడని పాటల్ని పాడించిన వీడియోలు ఆన్‌లైన్‌లో బోలెడున్నాయి. మన దగ్గరా ఇలాంటి గొడవ వచ్చింది. ఓ తెలుగు సినిమాలో బాలు గొంతుని ఏఐతో వాడారంటూ 2024లో ఆయన కుటుంబం లీగల్ నోటీసు పంపింది.

లింకిన్ పార్క్ ఆ పని చేయలేదు. 'మెటియోరా' ఇరవయ్యేళ్ల సందర్భంగా 2023లో విడుదల చేసిన 'లాస్ట్' పాటలో ఉన్నది చెస్టర్ అప్పట్లో స్వయంగా పాడి రికార్డు చేసిన గొంతే. కొత్త పాటలకి మాత్రం కొత్త మనిషిని తెచ్చుకున్నారు. చనిపోయిన మనిషి చేత యంత్రంతో పాడించడం కన్నా బతికున్న మనిషి చేత పాడించడం గౌరవప్రదమైన పని. ఎమిలీని వద్దనేవాళ్లు కూడా ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

2017లో శ్రోతలు నేర్చుకున్న పాఠం

శ్రోతల అభిప్రాయాలు రాతి మీద గీతలు కావు. దానికి లింకిన్ పార్క్ చరిత్రే సాక్ష్యం.

2017 మే నెలలో 'వన్ మోర్ లైట్' వచ్చినప్పుడు పాత అభిమానులే దాన్ని చీల్చి చెండాడారు. 'డబ్బు కోసం పాప్ చేశారు' అన్నారు. కచేరీల్లో వ్యతిరేకత కనిపించింది. ఆ మాటలకి చెస్టర్ ఇంటర్వ్యూల్లో ఘాటుగానే బదులిచ్చారు. జులైలో ఆయన మరణించాక అదే ఆల్బమ్‌ని జనం మళ్లీ విన్నారు. బ్యాండ్‌తో పనిచేసిన ఓ స్నేహితురాలు క్యాన్సర్‌తో చనిపోతే రాసిన టైటిల్ పాట, ఇప్పుడు పాడిన మనిషికే నివాళి అయిపోయింది. పాటలో ఒక్క స్వరం కూడా మారలేదు. వినేవాళ్లే మారారు.

ఆ విమర్శల వల్లే అలా జరిగిందని ఎవరూ అనకూడదు. చెస్టర్ ఎన్నో ఏళ్లుగా డిప్రెషన్‌తో, వ్యసనాలతో పోరాడిన మనిషి. ఆత్మహత్యకి ఒక్క కారణం చూపించడం ఎప్పుడూ పొరపాటే. కానీ ఒక ఆల్బమ్ నచ్చకపోవడానికీ, ఆ పాడిన మనిషిని నోటికొచ్చినట్టు తిట్టడానికీ మధ్య తేడా ఉంది. ఇప్పుడు ఎమిలీ విషయంలో కొందరు ఆ తేడా మళ్లీ మర్చిపోతున్నారు. చెస్టర్ మీద ప్రేమతోనే మాట్లాడుతున్నాం అనుకునేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఇదే.

(మీకు గానీ, మీవాళ్లకు గానీ మనసు బాగోలేదనిపిస్తే, చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఒంటరిగా భరించకండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.)

ఇంతకీ తేలేదేంటి?

వాదనలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఓ విషయం అర్థమవుతుంది. 'ఫ్రమ్ జీరో' గురించి మాట్లాడుతున్నామనుకుంటున్న చాలామంది నిజానికి మూడు వేర్వేరు ప్రశ్నలకి జవాబు చెబుతున్నారు. ఆల్బమ్ బాగుందా? బ్యాండ్ ఆ పేరు వాడొచ్చా? ఆ గాయనిని మనం ఒప్పుకోవచ్చా? ఈ మూడూ ఒకటి కాదు. ఒకదానికి అవునని, ఇంకోదానికి కాదని చెప్పే హక్కు ప్రతి శ్రోతకీ ఉంది.

మా అంచనా అడిగితే.. ఆల్బమ్ బాగుంది, గొప్పగా లేదు. నాలుగైదు పాటలు నిలబడతాయి. కొత్తదారి తొక్కలేదన్న విమర్శ నిజమే. పేరు విషయానికొస్తే, దాన్ని మోసే హక్కు మిగిలిన సభ్యులకు ఉంది. కుటుంబానికి ముందే చెప్పి ఉంటే ఇంత చేదు మిగిలేది కాదు. ఇక ఎమిలీ విషయం ఎవరి మనస్సాక్షికి వాళ్లు తేల్చుకోవాల్సిందే.

బెంగళూరు, ముంబై షోలు రెండు తరాలకు సంబంధించినవి. చెస్టర్‌ని లైవ్‌లో ఎప్పుడూ చూడలేకపోయిన, ఇకపై చూడలేని తరం ఒకటి. లింకిన్ పార్క్ అంటే మొదటిసారి విన్నదే ఎమిలీ గొంతులో అయిన పిల్లలు ఇంకొకటి. 'ఇన్ ది ఎండ్' మొదలైనప్పుడు ఈ రెండు తరాలూ కలిసే పాడతాయి. 'ది ఎంప్టినెస్ మెషీన్' వచ్చినప్పుడు ఎంతమంది గొంతు కలిపారన్నదే అసలు ప్రశ్న. ఏడాదికి పైగా నడిచిన వాదనకి మన దేశంలో మొదటి సూటి జవాబు అదే.